నాన్న దండకు కట్టిన తాళం

ఈ సాయంత్రం మా రెండేళ్ళ పిల్ల బీరువా కింది సొరుగు లాగి, పాత దుప్పట్ల అడుగునుంచి ఒక స్టీలు టిఫిను డబ్బా బయటికి తీసింది. మూతకి చిల్లు పొడిచి అమర్చిన ఎర్ర లైటు, పక్కన బఠాణీ గింజంత మైకు, ఒక మీట. అది నేను బి.టెక్ ఆఖరి సంవత్సరంలో చేసిన డబ్బా. ఇంకా పనిచేస్తుందనుకోలేదు. టీవీ రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి దానికి వేసి మీట నొక్కాను. పిల్ల చప్పట్లు కొట్టింది, లైటు వెలిగింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ వెలిగింది. దానికి ఆ ఆట ఎంత నచ్చిందంటే అన్నం కూడా డబ్బా ముందే తింది. నేను మాత్రం లైటు చూడలేదు, పిల్ల చెవుల్నే చూస్తూ కూర్చున్నాను. పుట్టిన వారానికి ఒకసారి, ఏడాది నిండగానే ఒకసారి, మొన్న జలుబు చేసినప్పుడు మరోసారి దానికి వినికిడి పరీక్ష చేయించాను. మూడుసార్లూ బాగుందనే చెప్పారు. అయినా రోజూ దాని వెనక నిలబడి గాజు గ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టి, తిరిగి చూస్తుందో లేదో చూడకపోతే నాకు తోచదు. "నువ్వు కొట్టి కొట్టి ఆ గ్లాసులన్నీ పగులుతాయిగానీ పిల్లకేం కాదు," అంటాడు మా ఆయన. ఆయనకేం, మా ఇంటి చెవుల సంగతి ఆయనకి సగమే తెలుసు. పిల్ల నిద్రపోయింది కాబట్టి మిగతా సగం రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట దగ్గర పత్తీ మిరపా పండే ఊరు. మాది మేళం ఇల్లు. మా తాత పగలు దూది ఏకేవాడు, సాయంత్రం డోలు వాయించేవాడు. దూది ఏకే విల్లు ఇప్పటికీ మా నడవలో గోడకి వేలాడుతోంది. దాని నారి మీద కొయ్య గూటంతో కొడితే వచ్చే మోత ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండేదనీ, తాను డోలు నేర్చుకున్నది ఆ మోతకింద ఉయ్యాలలో పడుకునేననీ నాన్న అంటాడు. విల్లు పోయి మిల్లులొచ్చాయి, డోలు మిగిలింది. పెదనాన్న సన్నాయి, నాన్న డోలు, వాళ్ళ వెనక నిలబడి కంచు తాళాలు వేసేది మా అమ్మ తమ్ముడు, మా మామయ్య. శుక్రవారం మసీదులో నమాజు చేసుకుని, అదే మల్లెపువ్వులాంటి పంచెతో గుళ్ళో మేళానికి వెళ్ళడం మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచేది కాదు. నాకు చిన్నప్పుడు వింతగా తోచిందల్లా, మా స్నేహితురాళ్ళ ఇళ్ళలో నాన్నలు అన్నం పళ్ళెం మీద వేళ్ళతో వాయించకుండా తినడం.

నాన్న సంగతి మొదట బయటపెట్టింది ప్రెషర్ కుక్కర్. మా అమ్మ పప్పు పొయ్యిమీద పెట్టి, "మూడు కూతలు రాగానే కట్టెయ్యవయ్యా, నేను మిరపకాయలు తిరగేసొస్తా," అని పక్క కల్లంలోకి వెళ్ళేది. నాన్న పొయ్యికి నాలుగడుగుల దూరంలో కూర్చుని డోలు వార్లు బిగిస్తూ ఉండేవాడు. కుక్కర్ ఆరు కూసేది, ఏడు కూసేది. మాడు వాసన కల్లం దాకా పోయి అమ్మని పిలుచుకొచ్చేది. "తాళం లెక్క పెట్టి బతికే మనిషివి, మూడు కూతలు లెక్క పెట్టలేవా!" అని ఆవిడ వీధంతా వినపడేలా అరిచేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఏడాది పాటు మేమందరం దీన్ని మగవాళ్ళ నిర్లక్ష్యం కింద జమకట్టాం. ఒక ఆదివారం నేను హాస్టల్ నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. కుక్కర్ కూసింది. నాన్న తల ఎత్తలేదు. మళ్ళీ కూసింది. ఆయన మొహంలో చిన్న కదలిక కూడా లేదు. వినీ పట్టించుకోని మనిషి మొహం వేరు, వినని మనిషి మొహం వేరు. ఆ తేడా ఆ రోజు నాకు తెలిసింది.

"నాన్నా, నీకు కూత వినపడలేదు కదూ?" అన్నాను దగ్గరికి వెళ్ళి.

"నీ గొంతు వినపడుతోందిగా," అన్నాడు.

"మామయ్య తాళాలు వినపడుతున్నాయా?"

ఆయన డోలు వారు ఇంకాస్త బిగించాడు. "వాడీమధ్య నెమ్మదిగా వేస్తున్నాడమ్మా. చేతుల్లో సత్తువ తగ్గింది వాడికి."

మామయ్య చేతుల్లో సత్తువ గురించి చెప్పాలంటే, అప్పటికి ఆయన పత్తి బస్తాని ఒంటిచేత్తో ట్రాక్టరు మీదికి విసిరేవాడు.

గుంటూరులో చెవుల డాక్టరు చూసి, ముప్ఫై ఏళ్ళు చెవి పక్కనే సన్నాయి మోగితే సన్నటి శబ్దాలు మొదట పోతాయని చెప్పాడు. డోలు వినపడుతుంది, మాట వినపడుతుంది, సన్నాయి ఎలాగూ గోడలకి కూడా వినపడుతుంది. కుక్కర్ కూత, కీచురాయి, తాళాల చింగుమనే మోత మాత్రం వినపడవు, పోయినవి తిరిగి రావు. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు. దాన్ని పెట్టుకుని సన్నాయి పక్కన నిలబడితే చెవిలో ఎవరో ఈల వేసినట్టుందని తీసేసి, అమ్మ పోపులపెట్టెలో ఆవాలకీ మెంతులకీ మధ్య దాచేశాడు.

మామూలుగా ఈ లోటు బయటపడేది కాదు. పాట నడుస్తున్నంతసేపూ సన్నాయి ఉంటుంది, దాన్ని పట్టుకుని పోవచ్చు. చిక్కల్లా సన్నాయి ఆగి, డోలు ఒక్కటే మోగే చోట. అక్కడ డోలు వాయించేవాడు తాళానికి అటూ ఇటూ విన్యాసాలు చేసి చేసి, చివర ఒకే దెబ్బల వరసని మూడుసార్లు తిప్పే ముక్తాయింపు వేసి సరిగ్గా తాళం మీద దిగాలి, ఆ క్షణానే సన్నాయి అందుకోవాలి. మధ్యలో దారి చూపేవి వెనకనున్న తాళాలొక్కటే. తిరిగి మామయ్య చేతులకేసి చూడొచ్చుగా అని అడిగాను. "డోలు వాయించేవాడు వెనక్కి తిరిగి చూశాడంటే ఇంకేముందమ్మా, పెళ్ళివారే చెప్పేస్తారు వీడికి లెక్క రాదని," అన్నాడు. పొన్నూరులో ఒక పెళ్ళిలో ముక్తాయింపు అర తాళం ముందే దిగింది. పెదనాన్న సన్నాయి ఒక దారిన, నాన్న డోలు ఒక దారిన పోయాయి. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో పెదనాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడట: "ఒరేయ్, నీ చెయ్యి బాగానే ఉంది, లెక్కే తప్పుతోంది. పెదకాకాని గుళ్ళో శివరాత్రి కళ్యాణం దాకా చూస్తా. అక్కడా ఇలాగే అయితే పిడుగురాళ్ల నుంచి ఒకతన్ని పిలుస్తున్నా."

ఇది చెప్పి నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "చెవి సంగతి మాత్రం అన్నకి చెప్పకు. లెక్క తప్పాడంటే దిద్దుకుంటాడనుకుంటారు. చెవుడు వచ్చిందంటే డోలు దింపిస్తారు." శివరాత్రికి అప్పటికి మూడు నెలలుంది.

నాకు తెలిసిన విద్య ఒకటే, ఎలక్ట్రానిక్స్. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఎలాగూ చెయ్యాలి. మా బ్యాచ్ పిల్లలు గుంటూరులో తయారుగా దొరికే ప్రాజెక్టు ఒకటి కొనేసి, దాని మీద మన పేర్లు రాయించేద్దామన్నారు. నేను తాళాన్ని పట్టే సర్క్యూటు చేస్తానన్నాను. సంగీతం మోగుతుండగానే విని, తాళం పడిన చోట ఒక గుర్తు ఇవ్వాలి, అంతే. "డీజే లైటా?" అంది మా గైడు మేడమ్. ఆవిడ తప్పు కాదు. పుస్తకాలన్నీ చెప్పేది కూడా దాదాపు అదే. పాటలో తాళం బరువైన శబ్దంలో ఉంటుంది, మైకులో వచ్చినదాన్ని వడగట్టి ఆ బరువు శబ్దాన్నే ఉంచు, అది ఒక్కసారిగా పెరిగినప్పుడల్లా లైటు వెలిగించు అంటాయి. నేను అలాగే చేశాను. ఇవాళ పిల్లకి దొరికింది ఆ డబ్బానే.

సంక్రాంతి సెలవుల్లో దాన్ని ఊరికి తీసుకెళ్ళాను. డాబా మీద ఒక మూలన మిరపకాయలు ఎండుతున్నాయి, కిందంతా ఎర్రటి కల్లాలే. ఆ ఘాటులో నాన్న డోలు తగిలించుకుని, మామయ్య తాళాలు పట్టుకుని, నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాం. మొదట పక్కింటి రోకలి దెబ్బలకి లైటు వెలిగింది. తర్వాత మామయ్య తుమ్ములకి వెలిగింది, వరసగా పదకొండు. "దీనికి నా మీద పడిందేమిటమ్మాయ్ కన్ను!" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. ఆ తర్వాత నాన్న వాయించడం మొదలుపెట్టాడు. లైటు ఒక్క దెబ్బ కూడా వదల్లేదు. ఎంత వేగంగా వాయిస్తే అంత వేగంగా మినుకుమంది. నేను గంతేశాను. నాన్న కూడా ముచ్చటపడి చూశాడు, వాయించడం ఆపి నెమ్మదిగా అన్నాడు: "బాగుందమ్మా. కానీ ఇది నన్ను చూసి నడుస్తోంది. నేను దీన్ని చూసి నడవాలా?"

నాలుగేళ్ళ చదువులో నన్ను ఏ పరీక్షా అంత సూటిగా ఫెయిలు చెయ్యలేదు. డోలు ఇంట్లో పుట్టి పెరిగి, డోలు దెబ్బే తాళం అనుకున్నాను! డోలు తాళం చుట్టూ తిరిగేది. తాళం ఉన్నది వెనక, ఆ రెండు కంచు బిళ్ళల దగ్గర, నాన్నకి వినపడని ఆ సన్నటి మోతలోనే.

ఆ డబ్బాని పక్కన పెట్టి, ఇంకో చిన్న డబ్బాతో తిరిగి మొదలుపెట్టాను. ఈసారి బరువు శబ్దాన్ని వదిలేసి సన్నటి శబ్దాన్ని ఉంచాను. సన్నాయి మోత సాగుతుంది, తాళం మోత ఠక్కున లేస్తుంది కాబట్టి ఠక్కున లేచినదాన్నే పట్టేలా మార్చాను. అయినా డోలు కుడివైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్ళతో వాయిస్తారు కదా, అవీ ఠక్కునే మోగుతాయి. డబ్బా మళ్ళీ తికమకపడింది. ఎలా వేరు చెయ్యాలో తెలియక నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే, మామయ్య పక్కన చతికిలబడి తన చిన్నతనం చెప్పాడు. తాళం నేర్పేటప్పుడు మా తాత ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, నాన్నని ఒక చెవి దగ్గర అడ్డదిడ్డంగా డోలు వాయించమనేవాడట, పెదనాన్నని రెండో చెవి దగ్గర సన్నాయి ఊదమనేవాడట. తాళం కదిలితే తొడపాశం. "తాళం పట్టేవాడికి సగం చెవుడు ఉండాలమ్మాయ్," అన్నాడు. "ఒకటి వేశాక రెండోది వేసే వేళయ్యేదాకా ఆకాశం విరిగి పడ్డా మనకి వినపడకూడదు." నాన్న తలొంచుకుని నవ్వుకున్నాడు. నేను ఆ సాయంత్రమే ఆ విద్యను డబ్బాకి నేర్పాను. ఒక తాళం పడగానే అది చెవులు మూసుకుంటుంది. తర్వాతిది రావలసిన వేళకి కాస్త ముందు తెరుస్తుంది. మధ్యలో ఎవరు ఎంత వాయించినా దానికి అక్కర్లేదు.

గుర్తు కంటికి కాకుండా ఒంటికి తెలియాలి కాబట్టి, పాత ఫోనులో వణుకు పుట్టించే చిన్న మోటారు విప్పి, నల్లగుడ్డలో కుట్టి, నాన్న ఎడమ దండకి, మోచేతికి పైన, కట్టాను. అచ్చం తాయెత్తులాగే ఉంది. మైకు కండువా వెనక మడతలో, డబ్బా బొడ్లో. నాన్న కళ్ళు మూసుకుని నాలుగు ఆవర్తాలు వాయించి, "వెనకపడుతోంది," అన్నాడు. లేదన్నాను. "వెంట్రుకవాసి వెనకపడుతోందమ్మా." కాలేజీకి వెళ్ళి లాబ్‌లో తెర మీద గీతలు పెట్టి కొలిస్తే, ఆయన చెప్పింది నిజమే! మోటారు తిరగడం మొదలెట్టడానికి రెప్పపాటులో సగం పడుతోంది. ఆ సగాన్ని ఆయన చర్మం పట్టేసింది. ఇది నేను ఇప్పటికీ ఎవరు వింటే వాళ్ళకి చెబుతుంటాను. నా డబ్బా గురించి చెప్పుకునేదానికంటే ఇది గొప్పగా చెప్పుకుంటాను.

పడిన తాళాన్ని ఎంత తొందరగా చెప్పినా అది ఆలస్యమే. అందుకని పడబోయేదాన్ని చెప్పించాలి. గడచిన నాలుగు తాళాల మధ్య ఎడం చూసుకుని, ఐదోది ఎక్కడ పడుతుందో లెక్క కట్టి, మోటారు ఆలస్యాన్ని అందులోంచి తీసేసి, కాస్త ముందుగానే వణకాలి. చేశాను. కానీ భయం పట్టుకుంది. అంచనా తప్పితే? అక్కడ జనం మధ్య ఒక్కటి తప్పు చోట వణికితే, నాన్న డోలు నా చేతులతో నేనే దింపించినట్టు కాదా? వెళ్ళేరోజు పొద్దున, "ఇది వద్దులే నాన్నా," అన్నాను. ఆయన దండ చాపి కట్టమన్నాడు. "నాలుగు సరిగ్గా పడ్డాక ఐదోది ఎక్కడికి పోతుందమ్మా?" అన్నాడు.

కళ్యాణం మర్నాటి సాయంత్రం ఊరేగింపు. నేను ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. చెరుకు ముక్కలు నములుతూ, పిల్లల్ని చంకన వేసుకుని జనం. వీధి మలుపులో ఊరేగింపు ఆగింది. పెదనాన్న పాట ముగించి సన్నాయి పెదవులనుంచి తీసి, తమ్ముడికేసి తల ఊపాడు. నాన్న మొదలుపెట్టాడు. నాకు ఆయన చేతులు కనిపించలేదు, ఎడమ దండ మీది నల్లగుడ్డ ఒక్కటే కనిపించింది. దాని వణుకు అంత దూరానికి కనపడదు, అయినా రెప్ప వెయ్యకుండా చూశాను. మామయ్య తాళాలు నాకు స్పష్టంగా వినపడుతున్నాయి. డోలు వాటినుంచి పక్కకి జరిగింది, ఎదురు తిరిగింది, వాటిని మరిచిపోయినట్టు నటించింది. నా పక్కనున్న పెద్దావిడ నోట్లో చెరుకుముక్క నమలడం ఆపేసింది. ముక్తాయింపు మొదలైంది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. చివరి దెబ్బా, తాళమూ, సన్నాయి మొదటి స్వరమూ మూడూ ఒక్కటై పడ్డాయి. అది వినపడ్డట్టు లేదు, ఎవరో వీపు మీద తట్టినట్టుంది. "అబ్బ!" అంది పెద్దావిడ. ఆయన మా నాన్న అని ఆవిడకి చెప్పాను. ఆ పక్కావిడకీ చెప్పాను. ఎవరూ అడగకపోయినా ఇంకో నలుగురికి చెప్పాను.

తర్వాత మంటపం వెనక అందరూ టీ తాగుతున్నారు. పెదనాన్న వచ్చి తమ్ముడి దండ గట్టిగా పట్టుకుని, "ఏరా, మళ్ళీ మనిషివయ్యావు," అన్నాడు. అదే సమయంలో పక్కన మామయ్య, ఇంకా ఆ ఉత్సాహం దిగక, తాళాలు సంచిలో పెట్టేముందు ఊరికే చింగు చింగుమని వేస్తున్నాడు. నేను డబ్బా మీట కట్టెయ్యడం మరిచిపోయాను. పెదనాన్న చెయ్యి తాయెత్తు మీద ఉంది. ఆయన మొహం మారింది. అరచెయ్యి తీసి చూసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. మామయ్య చేతులకేసి చూశాడు, తాయెత్తుకేసి చూశాడు.

"ఇది ఏ దర్గాలో కట్టించావురా? తాళంలో కొట్టుకుంటోందే!"

మామయ్య తాళాలు ఆపేశాడు. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "అన్నా, నాకు తాళాలు వినపడక మూడేళ్ళయింది," అన్నాడు.

పెదనాన్న డోలు దింపెయ్యమంటాడేమోనని నేను నాన్న వెనకే నిలబడి ఆయన కండువా కొస పట్టుకున్నాను, చిన్నపిల్లలాగ.

"నాకు ఐదేళ్ళయిందిరా," అన్నాడు పెదనాన్న. ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "నీ డోలు పట్టుకునే ఇంతకాలం నెట్టుకొస్తున్నా. నువ్వే తప్పితే నాకు పట్టుకోడానికి ఇంకేం ఉంది? అందుకేరా ఆ పిడుగురాళ్ల మాట అంది. నీ మీద కోపమనుకున్నావా?"

అంతలో మామయ్య ముందుకొచ్చి, రెండు తాళాలూ అన్నదమ్ములిద్దరి మధ్యకి చాపి, "బావా, మరి ఇన్నేళ్ళూ నేను ఎవరికోసం వేస్తున్నట్టు?" అన్నాడు. నిజంగా బాధపడే అన్నాడు. దాంతో నాన్న పగలబడి నవ్వాడు, పెదనాన్న నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. మామయ్య అలక మాన్పడానికి రెండో టీ తెప్పించాల్సి వచ్చింది.

లేచేముందు పెదనాన్న నన్ను పిలిచాడు. చిన్నప్పటినుంచి నన్ను "ఏయ్ పిల్లా" అనే మనిషి, ఆ రోజు పేరు పెట్టి పిలిచాడు. "ఇంకోటి చెయ్యగలవా అమ్మా? నాది ఎర్రగుడ్డలో కుట్టు. లేకపోతే వీడిదీ నాదీ కలిసిపోతాయి."

కాలేజీలో ఆ ప్రాజెక్టుకి వచ్చిన మార్కులు నాకు సరిగా గుర్తులేవు. పరీక్షకి వచ్చిన పెద్దమనిషి, దీనివల్ల ఉపయోగమేమిటని అడిగారు. ఇద్దరు వాడుతున్నారండీ అన్నాను. ఆయన రాసుకోలేదు. నల్లగుడ్డ, ఎర్రగుడ్డ ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను, లోపలి సర్క్యూటు రెండుసార్లు. అన్నదమ్ములు ఇంకా మేళానికి వెళ్తున్నారు. ముక్తాయింపు సరిగ్గా దిగిన రోజున నాన్న నాకు ఫోను చేసి ఏమీ చెప్పడు, "పిల్ల తిందా?" అని మాత్రం అడుగుతాడు. ఆ గొంతు బట్టే నాకు తెలుస్తుంది.

ఇందాక పిల్ల చప్పట్ల ఆటలో ఒకటి గమనించాను. మొదట అది చప్పట్లు కొట్టి లైటుకోసం చూసింది. కాసేపటికి నేను గ్లాసు మీద చెంచాతో ఒకే లెక్కలో కొడుతుంటే, నా చెంచా పడేవేళకే దాని చేతులు కూడా కలిశాయి, నా వెనక కాదు, నాతో. అంటే వినడమే కాదు, రాబోయేదాన్ని కూడా పట్టుకుంది. చెంచా పక్కన పెట్టేశాను. ఇప్పుడు నా ఎడమచెయ్యి దాని గుండెల మీద ఉంది, కుడిచేత్తో రాస్తున్నాను. జలుబు ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఒక్కో ఊపిరీ లెక్క పెడుతున్నాను. ఏ క్షణమైనా మనకి తెలిసేసరికి అది గడిచిపోయే ఉంటుంది. తర్వాతిదాన్ని అందుకోవాలంటే, ఇంతవరకూ సరిగ్గా పడ్డవాటిని నమ్ముకుని చెయ్యి చాచడమే తప్ప మరో దారి లేదు.